గడపకు అడ్డం పడిన చెయ్యి

కిందటి వారం ఆర్షియాను పెద్ద ఇరకాటంలో వదిలిపెట్టి వచ్చాం. ప్రొద్దుటూరులో ప్రతి ఆదివారం పొద్దున జరిగే ‘నారపరెడ్డి బాట’కు ఆ పిల్లే గైడు. ఒకప్పుడు మంత్రిగా పేరు మోసిన నారపరెడ్డి బతుకును, ఆయన తిరిగిన వీధుల్లోనే జనాన్ని నడిపిస్తూ చెప్పడం ఆమె పని. మంత్రిగారి మనవడు ప్రవీణ్ స్మారక సమితికి అధ్యక్షుడు. ఆయన ఆర్షియాను పిలిపించి చల్లగా చెప్పాడు. మంత్రిగారి పెద్దమిద్దెకు ఎదురుగా ఉన్న చిన్న ఇంటిని సోమవారం జేసీబీతో తీసేస్తారట, చూడ్డానికి వచ్చేవాళ్ళ కార్లు నిలుపుకోడానికి. అది పాత పనిమనిషికి మంత్రిగారు దయతలిచి ఇచ్చిన కొట్టం అని ఇకమీదట నడకలో చెప్పాలట. ఆ ఇంట్లో ఉన్న ‘పాత పనిమనిషి’ ఖాతూన్‌బీ. ఆర్షియాకు స్వయానా అమ్మమ్మ. ఆ సంగతి ప్రవీణ్‌కు తెలియక కాదు, తెలిసే చెప్పాడు.

ఆ సాయంత్రం ఖాతూన్‌బీ ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్న మాట మనవరాలికి చెప్పింది. నారపరెడ్డి పుట్టగానే తల్లి పోయింది. ఆ పసిగుడ్డుకు పాలిచ్చి బతికించింది ఎదురింట్లో పరుపులు కుట్టుకునే జైబున్నీసా, అంటే ఖాతూన్‌బీ తల్లి. ఒక తల్లి పాలు తాగినవాళ్ళు తోబుట్టువులని వాళ్ళ ఇళ్ళలో పట్టింపు. ఆ లెక్కన మంత్రిగారు ఖాతూన్‌బీకి అన్న. ఆ ఇల్లు అన్న చెల్లెలికి పెట్టిన సారె.

అంతా చెప్పి, “ఈ మాట మన గడప దాటగూడదు. ఇచ్చినోళ్ళు నోరు తెరవనప్పుడు మనం చెప్పుకుంటే అడుక్కున్నట్టుంటాది” అని ఒట్టు వేయమని చెయ్యి చాపింది ముసలామె. ఆర్షియా ఆ చేతిని పట్టుకుంది గానీ, ఒట్టు మాత్రం వేయలేదు.

ఇదిగో, ఆదివారం రానే వచ్చింది.

మంత్రిగారి విగ్రహం దగ్గర ఓ ఇరవై మంది పోగయ్యారు. మామూలు ఆదివారమైతే ఇంతమంది రారు. ఈసారి విజయవాడ నుంచి పర్యాటక శాఖ ఆఫీసరు స్వర్ణలత వచ్చింది. ఆమె బాగుందంటే ఈ నడక ప్రభుత్వం వాళ్ళ పట్టికలోకి ఎక్కుతుంది. అందుకే ప్రవీణ్ పొద్దున్నే విగ్రహాన్ని కడిగించి, మెడలో చామంతుల దండ వేయించి, తాను మాత్రం పెద్దమిద్దెలో కాఫీలు, ఇడ్లీలు చూసుకుంటూ ఉండిపోయాడు. కాఫీ మీద ఉన్న శ్రద్ధలో సగం కథ మీద పెట్టి ఉంటే ఆ రోజు అంత రభస జరిగేది కాదు.

ఆర్షియా చిన్న మైకు పట్టుకుని కథ మొదలుపెట్టింది. ఆ పిల్ల చెప్తుంటే వినబుద్ధేస్తుంది. మంత్రిగారు కుర్రతనంలో పెన్నలో ఈదిన కథ, కరువు ఏడు బియ్యం లారీలను తానే దగ్గరుండి దింపించిన కథ, మంత్రి పదవి వచ్చాక కూడా పాత అంగడిలోనే నిలబడి టీ తాగిన కథ ఒకదాని వెనక ఒకటి చెప్పింది. జనం నవ్వారు, ఫోటోలు తీసుకున్నారు. బజారు వీధిలోకి మళ్ళాక, మంత్రిగారి భార్య నాగేంద్రమ్మ సంగతి ఎత్తుకుంది.

“ఆమెకు ఇప్పుడు తొంభై ఏండ్లు. ఈ రోజుకీ భర్త పేరు నోట పలకదు. ఒకసారి ఓటు వేయడానికి పోతే ఆఫీసరు భర్త పేరు అడిగినాడంట. ఈమె తల వంచుకొని, వెనక వరసలో నిలబడినాయన్ను చూపించి, ‘ఆయన్నే అడుగుప్పా’ అనిందంట. మంత్రిగారు పకపకా నవ్వి తన పేరు తానే చెప్పుకున్నాడంట.”

అందరూ నవ్వారు. స్వర్ణలత కూడా నవ్వి, “వాళ్ళకు పిల్లలెంతమందండీ?” అని అడిగింది.

“ఒకే కొడుకు. రెండో కాన్పుకు ఆమె పుట్టినిల్లు జమ్మలమడుగు పోయింది. ఆ బిడ్డ దక్కలేదు,” అంది ఆర్షియా. సమితి వాళ్ళు ఇచ్చిన పాఠంలో ఉన్నదే అది. ఎన్ని ఆదివారాలు చెప్పిందో ఆ మాట. ఎప్పుడూ ఒక క్షణం ఆగలేదు, ఆ రోజు కూడా ఆగలేదు.

జనాన్ని వెంటేసుకుని పెద్దమిద్దె వీధిలోకి మళ్ళింది. ఎడమ పక్క రాతి మిద్దె, కుడి పక్క చిన్న ఇల్లు. చిన్న ఇంటి అరుగు మీద ఖాతూన్‌బీ ముసుగు సరిచేసుకుని కూర్చుని ఉంది. ప్రతి ఆదివారం అంతే, మనవరాలు జనాన్ని వెంటేసుకుని వచ్చేది చూసి మురిసిపోవడం ఆమెకు పండగ. ఈ రోజు మాత్రం మురిపెం లేదు. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆర్షియా చూడనట్టే తల తిప్పుకుంది. అమ్మ జరీనా గుర్తొచ్చింది. కువైట్‌లో ఎవరింట్లోనో వంట చేస్తూ, ఇక్కడ ఈ ఇంటి పైకప్పు వేయించిన మనిషి. సెలవుకు వచ్చి తిరిగి పోయే ప్రతిసారీ ఆటో ఎక్కి, ‘నానీని చూసుకో, ఇల్లు చూసుకో’ అని అమ్మమ్మను అప్పగించి పోతుంది. ఆ ఆటో మలుపు తిరిగేదాకా ఎదురు మిద్దె అరుగు మీద నాగేంద్రమ్మ కూడా నిలబడి చూస్తుంది. ఇరుగుపొరుగు అభిమానం అనుకునేది ఆర్షియా. రేపు జేసీబీ వచ్చి ఇల్లు నేలమట్టం చేస్తే అమ్మకు ఫోన్‌లో ఏమని చెప్పాలి? పనిమనిషి కొట్టం కూల్చారు అని చెప్పాలా? చచ్చినా చెప్పను అనుకుంది. జనాన్ని మిద్దె లోపలికి తీసుకుపోయింది.

హాలులో గోడ మీద మంత్రిగారి పెళ్ళి ఫోటో ఉంది. డెబ్భై ఏళ్ళ కిందటిది. పోయిన నెలలోనే ప్రవీణ్ దాన్ని బెంగళూరుకు పంపి మనిషంత ఎత్తున పెద్దది చేయించాడు. పెళ్ళయ్యాక కొత్త దంపతులు ఇదే ఇంటి గడప ముందు నిలబడ్డారు. నారపరెడ్డి నవ్వు ఆపుకుంటున్నాడు, నాగేంద్రమ్మ బాసికంతో తల వంచుకుని ఉంది. వాళ్ళ ముందు ద్వారబంధానికి అడ్డంగా ఒక సన్నటి చెయ్యి, నిండా గాజులు. ఆ చెయ్యి చాపిన పిల్ల ముఖం సగం తలుపు చాటున ఉంది.

“కింద ఏం రాసుందో ఎవరన్నా చదువుతారా?” అంది ఆర్షియా.

కమలాపురంలో టీచరుగా పనిచేసే చందన ముందుకొచ్చి, కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివింది. “‘నూతన వధూవరులకు తలుపు తెరుస్తున్న పనిపిల్ల.’”

చదివి, ఇంకోసారి ఫోటో చూసి, ఫక్కున నవ్వింది. “ఎవురు రాసినారప్పా దీన్ని? పెండ్లికి పోయి తిని చెయ్యి కడుక్కోని వచ్చే మొగోళ్ళు రాసినట్టుండాది. ఇది తలుపు తెరిచే చెయ్యా? దావకు అడ్డం పెట్టిన చెయ్యి! కొత్త పెండ్లికూతురు గడప కాడికి వస్తే పేర్లు చెప్పించేది ఆడబిడ్డ గదా. పనిపిల్ల ఎందుకు నిలబడతాది ఆడ? నిలబడితే పెద్దోళ్ళు ఊరుకుంటారా?”

ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఫోటో మీదికి వంగారు. అవును అవును అని ఒకటే గలగల. చందనకు ఊపు వచ్చింది. “పేర్లు చెప్పినా ఊరికే ఇడుస్తారా? ‘నీకు పుట్టే బిడ్డను మా ఇంటికి ఇస్తావా’ అని మాట తీసుకున్నాకనే దావ ఇచ్చేది. మా ఆడబిడ్డ నన్ను కాళ్ళు పీకిందాకా నిలబెట్టె!”

“మా వైపూ ఇంతేనండీ,” అంది స్వర్ణలత. అని, నొసలు ముడిచింది. “అయితే ఒక సందేహం. తల్లి కాన్పులోనే పోయింది, నారపరెడ్డిగారు ఒక్కరే సంతానం అని విగ్రహం దగ్గర మీరే చెప్పారు కదా. మరి ఈ ఆడపడుచు ఎవరు?”

ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉంది ఆర్షియా.

“అదే మేడమ్, ఇన్ని ఆదివారాలు నేను చెప్పనిది. ఆయనకు ఒక చెల్లెలుంది. ఆమె ఇప్పుడు…”

“ఆర్షియా!”

మెట్ల మీద నుంచి ప్రవీణ్ దిగి వస్తున్నాడు. ముఖాన నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు నవ్వడం లేదు. “ఒక్క నిమిషం బయటికి రామ్మా, మాట్లాడాల.”

“ఈడనే చెప్పు అన్నా. వీళ్ళంతా మన తాత కథ వినడానికి వచ్చినోళ్ళే గదా.”

“మన తాతేంది?” ప్రవీణ్ గొంతు లేచింది. “చూడండి మేడమ్, ఈ పిల్లకు ఎదురింటి మీద ఆశ. వాళ్ళ నానీ మా ఇంట్లో కసువు చిమ్మిన మనిషి. చిన్నప్పుడు వాళ్ళమ్మ మా తాతకు పాలిచ్చిందంట. దాన్ని పట్టుకోని చుట్టరికం అల్లుతాంది. ఆ కాలంలో కూలికి పాలిచ్చేటోళ్ళు ఊరూరా ఉండిరి.”

“కూలి తీసుకున్నట్టు నువ్వు యాడన్నా విన్నావా అన్నా?”

“నాకు చెప్పే పని లేదు. మైకు ఈడ పెట్టి పో. ఈ పొద్దుతో నీ పని సరి.”

ఆర్షియా మైకు తీసి ఆయన చేతిలో పెట్టింది. అయినా కదల్లేదు.

“మైకు మీది, తీసుకో. గొంతు నాది గదా, మైకు లేకుండానే చెప్తా.” జనం వైపు తిరిగింది. “ఈ ఫోటోలో ఉండేది మా నానీ ఖాతూన్‌బీ. జైబున్నీసా బిడ్డ. ఒక తల్లి పాలు తాగినందుకు నారపరెడ్డిగారు ఆమెను చెల్లెలనుకున్నాడు. అందుకే తన పెండ్లిలో ఆడబిడ్డ స్థానంలో నిలబెట్టినాడు. ఎదురిల్లు ఆమెకు పెట్టిన సారె. రేపు దాన్ని కూలగొడతాండారు.”

ఎవరో ఇడ్లీ ప్లేటు మెల్లగా కిందపెట్టారు.

ప్రవీణ్ తేరుకున్నాడు. తెలివైనవాడే, మాటకు మాట అందుకోగలడు. “ఊర్లో అందరం వరసలు పెట్టి పిల్చుకుంటాము మేడమ్. మా ఇంటికి పాలు పోసే ఆయన్ను నేను మామా అంటా. అంతమాత్రాన ఆయన మా అమ్మ తమ్ముడైపోతాడా? ఈమె మా జేజిని, నాగేంద్రమ్మను, వదినా అంటే అయిపోయిందా? మా జేజి చెప్పాల ఆ మాట. నలభై ఏండ్లాయ మా తాత పోయి. ఒక్క పొద్దన్నా చెప్పిందా?”

ఆ మాట సూటిగా తగిలింది. నాగేంద్రమ్మ నిజంగానే ఏ రోజూ నోరు విప్పలేదు. పండక్కి పాయసం పంపుతుంది, ఒళ్ళు బాగలేకపోతే కబురు చేస్తుంది, అంతే. మంత్రిగారు పోయినప్పటి నుంచి ఆ ఇద్దరు ముసలమ్మలూ ఎదురెదురు అరుగుల మీద కూర్చుని ఒకరినొకరు చూసుకోవడమే గానీ, ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

సరిగ్గా అప్పుడే వీధిలో కారు హారన్ మోగింది.

నాగేంద్రమ్మ నిన్న శనివారం గండి ఆంజనేయస్వామి దర్శనానికి పోయి, పులివెందులలో బంధువుల ఇంట్లో పడుకుని, పొద్దున్నే బయల్దేరి వచ్చింది. ప్రవీణ్ ముఖం వెలిగిపోయింది. “భలే సమయానికి వచ్చింది. పదండి మేడమ్, ఆమెనే అడుగుదాం. ఆమె ఏం చెప్తే అదే మాట,” అన్నాడు. అంత ధీమా ఎందుకంటే, ఆ జేజి చేత తన మాటకు ఎదురు మాట ఏనాడూ చెప్పించుకోలేదు గనుక.

అందరూ బిలబిలా అరుగు మీదికి వచ్చారు. డ్రైవరు తలుపు తీశాడు. నాగేంద్రమ్మ చేతికర్ర ఆనించి, నుదుట ఆంజనేయస్వామి సిందూరంతో, చేతిలో ప్రసాదం పొట్లంతో మెల్లగా దిగింది. ఇంత జనాన్ని చూసి ఆగింది.

“జేజీ,” ప్రవీణ్ గట్టిగా అన్నాడు, ఆమెకు వినపడాలని, వీధికంతా వినపడాలని. “నీ పెండ్లి ఫోటోలో తలుపు కాడ ఉండేది ఎవురో ఈ మేడమ్‌కు చెప్పు. ఎదురింటి ఖాతూన్‌బీ మన ఆడబిడ్డ అంట! పనిమనిషేనని చెప్పు, అయిపోతాది.”

పనిమనిషి అన్న మాట వీధి దాటి చిన్న అరుగును తాకింది. ఖాతూన్‌బీ లేచి నిలబడింది. మనవరాలిని వద్దు వద్దని తల ఊపిన మనిషే, ఇప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వీధి దాటింది. జనం పక్కకు తప్పుకున్నారు. ఆర్షియా ‘నానీ’ అని పట్టుకోబోతే విదిలించుకుంది. నాగేంద్రమ్మ కంటే ముందే మెట్లెక్కి, పెద్దమిద్దె ద్వారబంధం మధ్యలో నిలబడింది. కుడిచెయ్యి చాపి గడపకు అడ్డం పెట్టింది. ముడతలు పడిన ఆ చేతికి ఇప్పుడు రెండే గాజులు.

“ఏంది ఇది, జరుగు,” అని ప్రవీణ్ ముందుకు వచ్చాడు.

“నువ్వుండప్పా. ఇది ఆడోళ్ళ పని,” అంది ఖాతూన్‌బీ, అతని వైపు చూడకుండానే. ఆమె చూపంతా మెట్ల కింద ఉన్న నాగేంద్రమ్మ మీదే ఉంది. “వదినా, పేరు చెప్పి లోపలికి పో. చెప్పకపోతే మాత్రం నేను చెయ్యి తీయను.”

ఓటు దగ్గర ఆఫీసరుకు చెప్పని పేరు, మంత్రిగారు మంచాన పడ్డప్పుడు డాక్టరుకు చెప్పని పేరు, నలభై ఏళ్ళ తద్దినాల్లో అయ్యవారి ముందు కూడా పలకని పేరు అది. నాగేంద్రమ్మ పెదవులు కదిలాయి, ఆగాయి. ప్రవీణ్ చిన్నగా నవ్వాడు. ఆర్షియా ఆశ వదులుకుంది. చెప్పదు, ఎందుకు చెప్తుంది, మేమెవరం ఆమెకు అనుకుంది.

నాగేంద్రమ్మ కర్రను డ్రైవరు చేతికిచ్చింది. ప్రసాదం పొట్లాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఒక్కో మెట్టే ఎక్కి, ఆ చేతి ముందుకు వచ్చి, కొత్త పెళ్ళికూతురు లాగే తల వంచుకుంది.

“నారపరెడ్డి,” అంది.

గొంతు సన్నగా ఉంది గానీ, చివర నిలబడినవాళ్ళకు కూడా వినపడింది.

“నారపరెడ్డి పెండ్లాము నాగేంద్రమ్మను, వచ్చినా. దావ ఇడువు, ఆడబిడ్డా.”

చందన కళ్ళు తుడుచుకుంది. స్వర్ణలత అరుగు స్తంభాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆర్షియాకు ఏడుపు ముంచుకొచ్చింది, దాచుకోలేదు. ఇన్ని ఆదివారాలు ఊరంతా తిప్పి చెప్పిన కథలో ఈ ఒక్క మాటే లేదు. ఇప్పుడది మంత్రిగారి ఇంటి గడప మీదే, చెప్పవలసిన మనిషి నోటి నుంచే వచ్చింది. ఆ పిల్లకు ఇక ఉద్యోగం ఉన్నా, పోయినా ఒకటే.

“జేజీ, నువ్వేం మాట్లాడుతాండావో…” అని ప్రవీణ్ నీళ్ళు నమిలాడు.

“తెలిసే మాట్లాడుతాండా. ఆ మిషనోనికి ఫోన్ చేసి రావద్దని చెప్పు. సారె పెట్టి వెనక్కి పెరుక్కునే ఇల్లు గాదిది. ఇన్నాళ్ళు నోరు మూసుకొని ఉంటి, ఆ తప్పు నాదే. అంతమాత్రాన నువ్వు మీ తాత చెల్లెల్ని పట్టుకోని పనిమనిషి అంటావా?”

ప్రవీణ్ తల దించుకుని ఫోన్ తీశాడు. అందరి ముందే మాట్లాడాడు, రేపు రావద్దని చెప్పాడు. ఖాతూన్‌బీ చెయ్యి దించి, “లోపలికి పో వదినా, కాళ్ళు నొస్తాయి,” అంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం.

నాగేంద్రమ్మ మాత్రం కదల్లేదు.

“ఆ పొద్దు పేరు చెప్పంగానే ఇడిచిపెడితివా నువ్వు? ఇంగోటి గూడా అడిగితివి గదా.”

ప్రవీణ్ అరిచినా బెదరని ఖాతూన్‌బీ, ఇప్పుడు ద్వారబంధాన్ని పట్టుకుంది. “వద్దు వదినా. పిల్లోళ్ళ ముందర వద్దు. అది నేను చిన్నపిల్లను, అందరూ అడగమంటే ఎగతాళికి అడిగింటి.”

“నువ్వు ఎగతాళికే అడిగితివి. ఇస్తానని నేనన్నది ఎగతాళికి గాదు. పుట్టిన బిడ్డ దక్కలేదని ఊరంతా చెప్పుకునె. చెప్పుకోనిస్తిమి.” ఆమె మెల్లగా ఆర్షియా వైపు తిరిగింది. ఇంతకాలం వీధికి అవతల నుంచే చూసిన ముఖాన్ని దగ్గరగా, తనివితీరా చూసింది. చేతిలోని గండి ప్రసాదం పొట్లం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

“మీ అమ్మ కువైట్ నుంచి ఎప్పుడు వస్తాది పాపా?”

“రంజానుకు…” అంది ఆర్షియా.

“ఈ తూరి ఆటో దిగంగానే ముందు ఈ గడపకు రమ్మని చెప్పు,” అంది నాగేంద్రమ్మ. “జరీనాను పుట్టింటికి రమ్మన్నానని చెప్పు.”